బదులు గడిలో రాసిన మాట

మొన్న పొద్దున చాయ్ తాగుతూ టీవీ పెట్టుకుంటే, ఎక్కడో పెద్ద పట్నంలో రెండు ప్రయాణికుల విమానాలు ఒకే రన్‌వే మీదికి వచ్చి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయని చెబుతున్నారు. కోట్లు తొడుక్కున్న మనుషులు నలుగురు కూర్చుని, ఒకరు పైలట్‌దే తప్పంటే ఇంకొకరు టవర్‌లో కూర్చున్న అధికారిదే తప్పని కాసేపు కొట్లాడుకుని, చివరికి అందరూ కలిసి ‘సమాచార లోపం’ అని ఒక మాట అనేసి ప్రకటనలకు పోయారు. సమాచార లోపమట! ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత తేలిగ్గా చెప్పేశారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. గ్లాసు కింద పెట్టి, వాకిలి నుంచి గేటు దాకా, గేటు నుంచి వాకిలి దాకా ఎన్నిసార్లు తిరిగానో, వాకిలి ఊడుస్తున్న మా కోడలు చీపురు ఆపి నిలబడింది.

“మామా, జర కూసోరాదు. ఆ ఇమానాలేమన్న నువ్వు తోల్తున్నవా?” అంది.

నేను తోలలేదు. కానీ ఆ తోలేవాళ్లూ, వాళ్లకు కింది నుంచి దారి చెప్పేవాళ్లూ మాట్లాడుకునే మాటలన్నీ రెండేళ్లు నా చెవులతో విని, నా చేత్తో రాశాను. అది మా కోడలికి తెలుసు, అయినా అలా అంటుంది. ఇప్పటివాళ్లకు మనం ఏం చేశామన్నది ఒక కథ కిందే లెక్క. అందుకే ఇది నా ఈడు వాళ్ల కోసం రాస్తున్నాను. మీరైతే నడుమ ఫోను చూసుకోకుండా చదువుతారు.

నాది ఐదో తరగతి చదువు. మిగిలిందంతా పొట్లాలు కట్టిన పేపర్లలోనూ, అట్ట ఊడిపోయిన ఒక నిఘంటువులోనూ చదువుకున్నదే. ఉద్యోగం మాత్రం మంచిదే దొరికింది, దేవరకొండ వైపు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేశాను. అక్కడ ఎల్‌సీ అని ఒక పద్ధతి ఉండేది. లైన్‌మెన్ స్తంభం ఎక్కే ముందు ఫోను చేసి ఫలానా లైను బందు చేయమని అడగాలి, మేము బందు చేసి ఫలానా లైను బందు చేశామని చెప్పాలి, అప్పుడు వాడు ఆ లైను పేరు తన నోటితో మళ్లీ చెప్పి ఎక్కాలి. ఒకసారి నేను సెలవులో ఉండగా, నా బదులు కూర్చున్నవాడు ఒక లైను బందు చేయబోయి ఇంకో లైను బందు చేశాడు. ఏది చేశాడో చెప్పాడు కూడా. అవతల ఫోను పట్టుకున్నది మా మేనత్త కొడుకు. వాడు పేరు మళ్లీ చెప్పలేదు, “సరే అన్నా” అని ఫోను పెట్టేసి స్తంభం ఎక్కాడు. మా మేనత్తకు ఆ కబురు చెప్పడానికి పోయింది నేనే. ఆ రోజు నుంచి ‘సరే’ అన్నవాణ్ని ఎవణ్నీ నేను స్తంభం ఎక్కనివ్వలేదు. పేరు చెప్పమనేవాణ్ని, ఇంకోసారి చెప్పమనేవాణ్ని. నాకు చెవుడని నవ్వుకున్నారు, నవ్వుకోనిచ్చాను. నవ్వినవాళ్లంతా క్షేమంగా రిటైరయ్యారు.

నేను రిటైరయ్యేసరికి తెలంగాణ వచ్చింది. ఇంట్లో ఖాళీగా కూర్చుని గోడలతో కొట్లాట పెట్టుకుంటున్న రోజుల్లో, జడ్చర్ల దాటి చాలా లోపలికి పోతే రాళ్ల గుట్టల నడుమ ఎప్పటిదో ఒక పాత రన్‌వేను బాగుచేసి విమానాలు నేర్పే బడి పెట్టారనీ, జనరేటర్ చూసుకోవడానికి మనిషి కావాలనీ మా పెద్దల్లుడు చెప్పాడు. పోయాను. జనరేటర్‌తో పనెంత ఉంటుంది, రోజుకు గంట. మిగతా పొద్దంతా పేపరు చదువుతూ, అంచుల్లో ఏదో రాసుకుంటూ కూర్చునేవాణ్ని. నా చేతిరాత చూసిన టవరు సారు నన్ను పైకి పిలిచి, ఒక పెద్ద రిజిస్టరు ముందర పెట్టాడు. అందులో మూడు గడులు. మొదటి దానిలో వేళ, రెండో దానిలో టవరు చెప్పిన మాట, మూడో దానిలో పైలట్ ఇచ్చిన బదులు. మాటలన్నీ పట్టుకునే యంత్రం ఒకటి ఉండేది గానీ, అది చెడిపోయి మూలన దుమ్ము పట్టి ఉండేది. దాని బదులు నేను.

టవరంటే టీవీలో చూపించేలాంటి అద్దాల మేడ కాదు. రెండంతస్తుల గది, నాలుగు వైపులా కిటికీలు, ఎండాకాలం వస్తే రొట్టె కాల్చే పెంకే. కింద గాలి ఎటు వీస్తుందో చూపించే గుడ్డ సంచి ఒకటి గడకు వేలాడేది. సారు ఎక్కడెక్కడో పనిచేసి వచ్చిన పెద్దమనిషి, పని తెలిసినవాడు. ఆకాశంలో ఈగంత కనిపించే విమానాన్ని చూసి లోపల ఉన్నది ఏ పిల్లవాడో చెప్పేవాడు. కోపం మాత్రం ముక్కు మీద కాదు, నాలుక మీదే ఉండేది. ఎవరైనా సరిగా వినబడలేదని అడిగితే చాలు, రేడియో పగిలిపోయేలా అరిచేవాడు.

సామాన్ల గదిలో పాత నియమాల పుస్తకం ఒకటి నా కంటపడింది. ఇంటికి తీసుకుపోయి, నిఘంటువు పక్కన పెట్టుకుని, నెలన్నర పట్టి చదివాను. టవరు చెప్పిన మాటను పైలట్ మళ్లీ తన నోటితో అప్పజెప్పాలని అందులో రాసి ఉంది. అప్పజెప్పకపోతే అప్పజెప్పేదాకా టవరు వదలకూడదని దాని కిందనే రాసి ఉంది. చదివినప్పుడు మా ఎల్‌సీ పద్ధతే ఆకాశానికి ఎక్కిందని ముచ్చటపడ్డాను. కానీ నేను రోజూ రాస్తున్న రిజిస్టరులో ఆ ముచ్చట లేదు. పట్నం పిల్లలు, ఇంగ్లిష్ బడుల్లో చదివినవాళ్లు, చెప్పిందంతా చిలకల్లా అప్పజెప్పేవారు. మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, గురుకులాల్లో చదివి సర్కారు ఖర్చు మీద వచ్చినవాళ్లు, బుద్ధిగా “రోజర్ సార్” అనేవారు. విన్నాం అని దాని అర్థం. ఏం విన్నారో అందులో ఉండదు. సారు కూడా అంతటితో తృప్తిపడేవాడు, వినయమున్న పిల్లలని మెచ్చుకునేవాడు కూడా.

ఆ వినయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా బాపు ఒక దొర దగ్గర జీతగాడు. ఒకనాడు దొర తాంబూలం నములుతూ కింది మడికి నీళ్లు కట్టమన్నాడు. దొరకు కింద రెండు మళ్లున్నాయి. బాపు “అట్లనే దొరా” అని వెనక్కి నడుచుకుంటూ వచ్చేశాడు, తనకు తోచిన మడికి కట్టాడు, రెండో మడిలో నారు ఎండిపోయింది. బాపును దొర ఉండే గడీ ముందు వంగబెట్టి వీపు మీద బండ పెట్టి పొద్దంతా ఎండలో ఉంచారు. ఆ రాత్రి మా అమ్మ ఆ వీపుకు నూనె రాస్తుంటే, ఏ మడో అడగకపోయినవా అని నేను బాపును అడిగాను. “మల్ల అడిగితే, నువ్వు సక్కగ చెప్పలే దొరా అన్నట్టయితది గద కొడుకా” అన్నాడు బాపు. పెద్దల మాటను తిప్పి వాళ్లకే చెబితే వెక్కిరింపు, మళ్లీ అడిగితే తప్పు పట్టడం. మా ఇళ్లలో బిడ్డలకు ఉగ్గుపాలతో పోసింది ఇదే. దొరలు పోయారు, గడీలు కూలాయి, ఈ భయం మాత్రం చదువుకుని, పరీక్షలు పాసై, విమానం ఎక్కి కూర్చుంది.

ఆ పిల్లల్లో ఒక ఆడపిల్ల ఉండేది. మర్రిగూడ అవతల ఒక చిన్న పల్లె వాళ్లది, తండ్రి బోర్ల బండి మీద కూలి, తల్లి ఆదివారం చర్చిలో పాట అందుకుంటే ఊరంతా వినేదట. టవరు మెట్ల మీద కూర్చుని నాతో పాటు సద్ది తినేది, నా జొన్నరొట్టె సగం ఆమెకు, ఆమె పచ్చిపులుసు సగం నాకు. నన్ను తాతా అని పిలిచేది. వాళ్ల ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన నాయనమ్మ, మనుమరాలు ఆకాశంలో పోతుందని చెబితే తల పైకెత్తలేక నేల మీద నీడ పోయిందా అని వెతికిందని ఒకనాడు నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం అది. ఆ పొద్దున పట్నం పిల్లవాడు ఒకడు ఏదో వినబడక మళ్లీ చెప్పమని అడిగితే, “చెవుల్లో దూది పెట్టుకుని వచ్చావా? దిగి ఇంటికి పో!” అని సారు అందరికీ వినపడేలా తిట్టాడు. ఆ పిల్లవాడు దులుపుకుని మళ్లీ అడిగాడు, వాడు పెరిగిన తీరు అలాంటిది. ఈ పిల్ల మాత్రం తల దించుకుని తన విమానం వైపు నడవడం పైనుంచి చూశాను.

పొద్దు నడినెత్తి మీదికి వచ్చే వేళకు వీళ్లిద్దరే గాలిలో ఉన్నారు, విమానానికి ఒకరుగా. అప్పటిదాకా గాలి పడమటి నుంచి వీస్తుంటే అందరూ తూర్పు కొసన దిగుతున్నారు. విమానం గాలికి ఎదురుగా దిగాలి కదా. ఉన్నట్టుండి గాలిదుమారం లేచి, గుడ్డ సంచి గిర్రున తిరిగి గాలి తూర్పు నుంచి మళ్లిందని చూపించింది. సారు రేడియో అందుకుని, దిక్కు మారిందనీ, ఇక పడమటి కొసన దిగాలనీ, ఎవరు ముందో ఎవరు వెనకో, ఎంత ఎత్తులో తిరగాలో, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పట్నం పిల్లవాడు ముక్క పోకుండా అప్పజెప్పాడు. ఆ పిల్ల అప్పుడు విమానాన్ని మలుపుతోంది. “రోజర్ సార్” అంది.

నేను మూడో గడిలో అదే రాశాను. రాస్తుంటే నా చెయ్యి ఆగింది. సబ్‌స్టేషన్‌లో అయితే ‘సరే కాదు, పేరు చెప్పు’ అనేవాణ్ని. ఇక్కడ నేను రాసేవాణ్ని, అంతే. తల తిప్పి సారును చూశాను, ఆయన ఫోనులో ఆఫీసుతో మాట్లాడుతున్నాడు. ఊరుకున్నాను.

ఆ తర్వాత కిటికీలో చూస్తే, పట్నం పిల్లవాడు పడమటి వైపు నుంచి దిగుతున్నాడు, తూర్పు వైపున ఆ పిల్ల విమానం కూడా ముక్కు దించి వస్తోంది. ఒకే దారికి రెండు కొసల నుంచి ఇద్దరు. నా కళ్లే తప్పు చూస్తున్నాయేమో, సారుకు తెలియకుండా ఇలా జరుగుతుందా అనుకుంటూ నాలుగు ఊపిరుల సేపు అలాగే నిలబడ్డాను. ఆ నాలుగు ఊపిరులను నేను ఈనాటికీ మరిచిపోలేను. అప్పుడు అరిచాను, “సార్, గా పిల్ల ఇటుదిక్కు దిగుతాంది!” అని. సారు ఫోను వదిలేసి రేడియోలో ఆమె పేరు పెట్టి “పైకి, పైకి” అని కేక పెట్టాడు. పిల్లవాడి చక్రాలు అప్పటికే నేలకు తగిలాయి. ఆ పిల్ల విమానం వాడి నెత్తి మీదుగా, వాడు తల వంచుకున్నంత దగ్గరగా లేచిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. సారు కుర్చీలో కూలబడ్డాడు.

రెండు రోజుల్లో విచారణకు పైనుంచి అధికారి వస్తాడన్నారు. యంత్రం పనిచేయలేదు కాబట్టి సాక్ష్యమంటే నా రిజిస్టరు ఒక్కటే. సాయంత్రం బడి మేనేజరు నా పక్కన కుర్చీ వేసుకుని, చాయ్ తెప్పించి, నేను ఎన్నడూ ఎరగని మర్యాద చేశాడు.

“పెద్దాయనా, ఆ మూడో గడిలో రెండు మాటలు ఎక్కువ రాస్తే అయిపోతది. పిల్ల మొత్తం అప్పజెప్పింది, కానీ చేసింది వేరే. అంతే. బడి నిలబడతది, సారు నిలబడతడు.”

“మరి పిల్ల?” అన్నాను.

“సర్కారు పంపిన పిల్ల. సర్కారు చూసుకుంటది.”

చూసుకోవడమంటే ఇంటికి పంపించడమని ఇద్దరికీ తెలుసు. ఆలోచిస్తానని చెప్పి లేచాను. సారు తన గదిలో తల పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూశాడు గానీ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే తిట్టి పోయేవాణ్ని. అడగనందుకే ఆ చూపు వెంట పడింది. ఆయనా ఎవరో పెద్దసారు ముందు ముప్పై ఏళ్లు ‘ఎస్ సార్’ అని వచ్చినవాడే కదా.

మెట్ల మీద ఆ పిల్ల కూర్చుని కాగితం మీద ఏదో రాస్తోంది.

“తాతా, తప్పు నాదే అని రాసిస్తున్న. లొల్లి ఉండదు.”

“ఎట్ల నీదే?”

“సార్ చెప్పిండు గద. మలుపుడుల ఉన్న, సగమే సమజైంది. మల్ల అడుగుదమంటే నోరు రాలే. పొద్దుగాల తిట్టిండు సూడు, గదే యాదికొచ్చింది.”

నాకు ఒళ్లు మండింది. “సగం తప్పు నీది, గది చెప్పు. సారు తప్పు సారునే చెప్పుకోనీ. అందరియి ఎత్తుకోనీకి నువ్వేమన్న గంప దెచ్చినవా?” అని కసిరాను.

“సారుకు ఎదురు చెప్పినట్టు అయితది గద తాతా,” అంది నెమ్మదిగా. పిల్ల మాటలో పిల్ల కనబడలేదు నాకు, బండ మోసిన మనిషి కనిపించాడు. ఆ కాగితం లాక్కుని చింపేశాను. ఆమె ఏడ్చింది. ఏడవనిచ్చి, అక్కడే అటూ ఇటూ తిరిగాను. ఓదార్చడం నాకు చేతకాదు.

విచారణ రోజున అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. వచ్చిన అధికారి నన్ను ఇంగ్లిష్‌లో ఏదో పొడుగ్గా అడిగాడు. సగం అర్థమైంది. ‘ఎస్ సార్’ అన్న మాట నా నాలుక కొసదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, అరవై దాటిన నేను, ఇంత కోపిష్టి మనిషిని, భయపడ్డాను. అయినా ఆ నియమాల పుస్తకంలో నేర్చుకున్న ఇంగ్లిష్‌లోనే, మళ్లీ చెప్పండి సార్ అన్నాను. మేనేజరు దగ్గాడు. ఆ అధికారి నన్ను ఒకసారి చూసి, కోప్పడలేదు, నిమ్మళంగా మాట మాట విడదీసి మళ్లీ అడిగాడు. ఆ పిల్ల చెప్పిందంతా అప్పజెప్పిందా అని.

“లేదు. రోజర్ సార్ అన్నది. సారు అప్పజెప్పమని అడగలేదు. నేను విన్నాను, నేనూ నోరు తెరవలేదు. ఆ మూడో తప్పు కూడా రాసుకోండి,” అన్నాను.

తర్వాత రిజిస్టరు ఆయన ముందుకు జరిపి, వెనక్కి తిప్పమన్నాను. ఆయన ఒక పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు, నెలలు నెలలు తిప్పుకుంటూ పోయాడు. మూడో గడిలో పైనుంచి కింది దాకా అదే మాట, నా చేతిరాతలో, ఊళ్ల పిల్లలందరి పేర్ల ఎదురుగా. ఇది ఒక్క రోజు, ఒక్క పిల్ల చేసిన తప్పు కాదని నేను వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఆయన పిల్ల వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె లేచి నిలబడింది, చేతులు కట్టుకుంది, విప్పింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను, ఆమె ముఖం చూసే ధైర్యం లేక.

“సార్, నాకు పూర్తిగా అర్థం కాలేదు. మళ్లీ అడగండి,” అంది.

ఆయన అడిగాడు. ఆమె చెప్పింది: సగమే విన్నాననీ, అడగవలసింది నేనే అడగలేదనీ, అది నా తప్పనీ, అడగడానికి ఎందుకు భయపడ్డానో కూడా. సారు తల ఎత్తలేదు. కానీ చివర ఆయన వంతు వచ్చినప్పుడు, అవును, నేను అప్పజెప్పించుకోలేదు అని ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. ఆ మాటకు నేను ఆయన్ని గౌరవిస్తాను.

ఆ పిల్లను ఇంటికి పంపలేదు. కొన్నాళ్లు విమానం ఎక్కనివ్వకుండా, మాట అప్పజెప్పడం మొదటి నుంచి నేర్పి మళ్లీ ఎక్కించారు. సారు ఇంకో చోటికి పోయాడు. యంత్రం బాగుచేయించారు, కాబట్టి రాసే మనిషి అవసరం లేదని మేనేజరు నాకు చెప్పాడు. యంత్రం బాగైతే జనరేటర్‌కు కూడా మనిషెందుకు అక్కర్లేకపోయాడో మాత్రం చెప్పలేదు. రిజిస్టరు ఒకసారి చూసుకుంటానంటే ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు, తీరాలని కూడా లేదు. ఇప్పుడు అక్కడ బడి లేదు, పగుళ్లలో సర్కారు తుమ్మ మొలిచిందని మా పెద్దల్లుడు చెప్పాడు.

ఆమె ఇప్పుడు పెద్ద విమానాల్లో కెప్టెన్ పక్కన కూర్చుంటుంది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. పోయిన వారం మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పింది. ఎక్కడో దిగబోతుంటే టవరు ఒక ఎత్తు చెప్పిందట, వాళ్ల నాయిన ఈడు కెప్టెన్ అది అప్పజెప్పాడట, ఈమెకు ఇంకో ఎత్తు విన్నట్టు అనిపించిందట. “‘సార్, మల్ల అడుగుదం’ అన్న. అడిగిండు. సారు చెప్పిందే కరెక్టు, నేనే తప్పు విన్న తాతా,” అంది.

“ఏమన్నడు మరి?” అన్నాను గుండె పట్టుకుని.

“ఏమంటడు? ఏమనలే. దిగినంక ఏం తిందామని అడిగిండు.”

అంతే. తప్పు విని అడిగింది, పెద్దవాణ్ని ఆపి అడిగింది, ఏమీ కాలేదు. చాయ్ తాగానని చెప్పినంత తేలిగ్గా చెప్పి, నేను ఎందుకు మాట్లాడటం లేదో తెలియక, “తాతా, ఇనస్తుందా?” అని రెండుసార్లు అడిగింది. వినిపిస్తోందన్నాను. అందులో ఏముందో ఆమెకు చెప్పబోయి మానుకున్నాను. తెలియకుండా ఉండటమే ఆమెకు దక్కిన భాగ్యం, దాన్ని నేనెందుకు చెరపాలి? కానీ ఫోను పెట్టేసిన తర్వాత, ఏమీ కాకపోవడం ఎంత పెద్ద సంగతో చెప్పకుండానే అర్థమయ్యే మనుషులు ఇంకా ఎంతమంది ఉన్నారా అని, నా ఈడు వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చాలాసేపు వాకిట్లో తిరిగాను. రెండో చెయ్యి దాకా పోలేదు.